చుక్కను చీల్చిన చీకటి

ఇరవై కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఒక నక్షత్రం కృష్ణబిలం వాత పడింది. దాని శిథిలాలను గమనించిన ఉపగ్రహంలోని ఒక కన్ను తయారైంది మన చింతామణి, శిడ్లఘట్ట దారిలో ఉన్న హొసకోటెలోనే.

శిడ్లఘట్ట నుంచి హొసకోటె వెళ్లే రోడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పట్టుగూళ్ల మూటలు, కూరగాయల క్రేట్లు, బెంగళూరుకు కూలికి పోయేవాళ్లతో కిక్కిరిసిన బస్సులు తిరుగుతూనే ఉంటాయి. హొసకోటె సమీపిస్తుండగా ఇదే రోడ్డు పక్కన ఒక ప్రహరీ గోడ, దాని వెనక చెట్లు, చెట్ల నడుమ భవనాలు కనిపిస్తాయి. అది భారత ఖగోళ భౌతిక సంస్థ వారి ‘క్రెస్ట్’ ప్రాంగణం. రోజూ ఆ గేటు ముందు నుంచే పోయే మనలో చాలామందికి లోపల ఏం జరుగుతుందో తెలియదు. తెలియాల్సినంత పెద్ద పనే అక్కడ జరుగుతోంది.

లదాఖ్‌లోని హాన్లే అనే చోట, సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల అద్దం ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. రాత్రివేళ దాన్ని ఏ చుక్క వైపు తిప్పాలో హొసకోటెలో కూర్చున్నవాళ్లు ఉపగ్రహం ద్వారా ఆదేశిస్తారు. ఊపిరాడని ఆ చలిలో శాస్త్రవేత్త నిలబడనక్కర్లేదు.

ఇదే ప్రాంగణంలో ఎం.జి.కె. మీనన్ ప్రయోగశాల ఉంది. మన దేశపు మొదటి ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కోసం అతినీలలోహిత టెలిస్కోపును అక్కడే కూర్చారు, అక్కడే పరీక్షించారు. పేరు యూవీఐటీ. అందులో ఒక్కొక్కటి సుమారు 38 సెంటీమీటర్ల అద్దంతో జంట దూరదర్శినులు ఉన్నాయి. అతినీలలోహిత కాంతికి మురికి అంటే అస్సలు గిట్టదు. కంటికి కనపడని జిడ్డు ఆవిరి అద్దం మీద పలచగా పేరుకున్నా చాలు, ఆ కాంతి అక్కడే ఇంకిపోతుంది. అందుకే గాలిని వడగట్టిన గదుల్లో, ఒళ్లంతా కప్పుకున్న మనుషులు ఆ పని చేశారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరాక కూడా తొందరపడలేదు. ఉపగ్రహంలో మిగిలిన ఆవిర్లన్నీ శూన్యంలోకి పోయేదాకా రెండు నెలలు ఆగి, నవంబరు 30న గానీ దాని మూతలు తెరవలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, విశ్వంలో మహా ఉగ్రమైన కొన్ని సంఘటనలు ముందుగా తమ ఆచూకీ చెప్పేది అతినీలలోహితంలోనూ ఎక్స్‌కిరణాల్లోనూ. ఈ రెంటినీ ఒకేసారి చూడగలగడం ఆస్ట్రోశాట్ సత్తా. 2024 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధనలో ఆ సత్తా పనికొచ్చింది. ఒక నక్షత్రాన్ని కృష్ణబిలం చీల్చిన తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఏం జరిగిందన్నది ఆ పరిశోధన.

దారంగా సాగిన సూర్యుడు

కృష్ణబిలం అనగానే చుట్టుపక్కలవన్నీ పీల్చేసే గొట్టం లాంటిదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తగినంత దూరంలో ఉన్న నక్షత్రానికి కృష్ణబిలం కూడా బరువైన మరో వస్తువే. దాని చుట్టూ కోట్ల ఏళ్లు నిక్షేపంగా తిరగవచ్చు. చిక్కంతా దగ్గరికి పోయినప్పుడే.

గురుత్వాకర్షణ దూరాన్ని బట్టి మారుతుంది. నక్షత్రంలో కృష్ణబిలం వైపున్న ముఖం మీద లాగుడు ఎక్కువ, అవతలి ముఖం మీద తక్కువ. ఈ తేడా వల్లే మచిలీపట్నం తీరంలో సముద్రానికి ఆటుపోట్లు వస్తాయి. అక్కడ లాగేది చంద్రుడు కాబట్టి నీళ్లు కాస్త లేచి దిగుతాయి, అంతే. లాగేది పది లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలమైతే, నక్షత్రాన్ని ముద్దగా పట్టి ఉంచే దాని సొంత ఆకర్షణే ఓడిపోతుంది.

ఎక్కడ ఓడిపోతుందో చిన్న లెక్కతో తేల్చవచ్చు. కృష్ణబిలం బరువు నక్షత్రానికి ఎన్ని రెట్లో చూసి, దాని ఘనమూలం తీసి, నక్షత్రపు వ్యాసార్ధంతో హెచ్చించాలి. పది లక్షలకు ఘనమూలం నూరు. సూర్యుడి వ్యాసార్ధం 7 లక్షల కిలోమీటర్లు. అంటే సూర్యుడి లాంటి నక్షత్రం 7 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి రాగానే చీలిపోతుంది. సూర్యుడికీ మనకూ ఉన్న దూరం 15 కోట్ల కిలోమీటర్లు. అందులో సగం కూడా కాదు. కృష్ణబిలం అసలు హద్దు, దాటితే వెలుగు కూడా తిరిగిరాని గీత, కేంద్రం నుంచి 30 లక్షల కిలోమీటర్లే. కాబట్టి చీలడం ఆ గీతకు చాలా వెలుపల, మనకు కనపడే చోటే జరుగుతుంది.

శిడ్లఘట్ట రీలింగ్ షెడ్లలో వేడినీళ్లలో ఉడికిన పట్టుగూడు కొస దొరకగానే దారమై చరకా మీదికి ఎలా సాగిపోతుందో చూసినవాళ్లకు ఈ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. గుండ్రటి నక్షత్రం అలాగే పొడవాటి వాయు దారమై కృష్ణబిలం చుట్టూ సాగుతుంది. ఒక్కటే తేడా. ఇక్కడ దారంలో సుమారు సగమే చుట్టుకుంటుంది. మిగతా సగం మహా వేగంతో శూన్యంలోకి ఎగిరిపోతుంది, మళ్లీ రాదు. చుట్టుకున్న సగం మొదటి కొస సూర్యుడి లాంటి నక్షత్రమైతే నలభై రోజుల సుమారులో వెనక్కి తిరిగి వస్తుంది. దాని వెనకే మిగతాది వచ్చి, తన మీద తానే ఢీకొని, వేడెక్కి, పళ్లెంలా పరచుకుంటుంది. అప్పుడు పుట్టే వెలుగు ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి వెలుగుతో పోటీ పడగలదు. నెలల తరబడి మెల్లగా మసకబారుతుంది.

ఈ లెక్కలో ఇంకో విశేషం ఉంది. కృష్ణబిలం బరువు నూరు రెట్లు పెరిగితే దాని హద్దు కూడా నూరు రెట్లు పెరుగుతుంది. కానీ చీల్చే దూరం ఐదు రెట్లు కూడా పెరగదు. పది కోట్ల సూర్యుల బరువు దగ్గర ఈ రెండూ కలిసిపోతాయి. అంతకు మించిన కృష్ణబిలం సూర్యుడి లాంటి నక్షత్రాన్ని చీల్చకుండా నిండుగా మింగేస్తుంది. ఆనవాలు మిగలదు. 2019లో మొట్టమొదట ఫొటోకు చిక్కిన ఎం87 గెలాక్సీ కృష్ణబిలం బరువు 650 కోట్ల సూర్యులు. మన సూర్యుడి లాంటిది అందులో పడితే ఒక్క మెరుపూ బయటికి రాదు. చిన్నవే చీల్చి రచ్చ చేస్తాయి.

ఖగోళ శాస్త్రానికి ఆ రచ్చే కావాలి. చాలా గెలాక్సీల నడుమ కృష్ణబిలాలు ఆహారం లేక నిద్రపోతుంటాయి. చీకట్లో చీకటిగా ఉన్నదాన్ని తూచడం ఎలా? ఏ నక్షత్రమో దారి తప్పి దగ్గరికి పోయినప్పుడే అక్కడొక బరువైనది ఉందని తెలుస్తుంది, దాని బరువెంతో, ఎంత వేగంగా గిర్రున తిరుగుతోందో కొలిచే వీలు చిక్కుతుంది. ఒక గెలాక్సీలో ఇలాంటిది పది వేల ఏళ్లకో లక్ష ఏళ్లకో ఒకసారి జరుగుతుందని అంచనా. ఒక్క గెలాక్సీనే చూస్తూ కూర్చుంటే మనిషి జన్మ చాలదు. లక్షల గెలాక్సీలను రోజూ గాలించే యంత్రాలు వచ్చాకే ఇవి వరసగా దొరకడం మొదలైంది. 1988లో బ్రిటన్ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ ఈ వెలుగు ఎలా ఎగసి ఎలా తగ్గాలో లెక్కగట్టి పెట్టారు. 1990లలో జర్మనీ ఉపగ్రహం రోశాట్ తొలి ఆధారాలు పట్టింది. మన బెంగళూరులోనూ భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన అరుణ్ మంగళం, టి. మగేశ్వరన్ ఈ చీలికల లెక్కల మీద 2015లో పరిశోధన పత్రం వెలువరించారు.

నలభై ఎనిమిది గంటలకోసారి

2019 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీది జ్వికీ సర్వే కెమెరాకు ఒక గెలాక్సీ నడిబొడ్డున కొత్త వెలుగు కనిపించింది. దూరం సుమారు 21 కోట్ల కాంతి సంవత్సరాలు. దానికి ఏటీ2019క్యూఐజెడ్ అని పేరు పెట్టారు. మన నంది కొండ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ వెలుగు బయల్దేరేటప్పటికి నంది కొండ ముసలిదే. కానీ భూమి మీద డైనోసార్లు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి.

ఆకాశంలో అది ఎక్కడుందో మనం సులువుగా గుర్తుపట్టవచ్చు. చలికాలంలో తూర్పున లేచే మృగశిర, ఆర్ద్ర నక్షత్రాల గుంపులో, వరసగా ఉన్న మూడు చుక్కలకు దక్షిణంగా, నీలి తెలుపులో మెరిసే రైజెల్ అనే పెద్ద చుక్క ఉంటుంది. దానికి కొంచెం పడమరగా, చేయి చాచి పట్టుకున్న పిడికిలి కన్నా తక్కువ దూరంలో, ఆ గెలాక్సీ ఉంది. కంటికి కనిపించదు గానీ దిక్కు మాత్రం అదే.

యూరప్ టెలిస్కోపులు చిలీ నుంచి ఆరు నెలలు దాన్ని వెంటాడాయి. చీలిన నక్షత్రం బరువు మన సూర్యుడి అంతే. చీల్చిన కృష్ణబిలం బరువు పది లక్షల సూర్యుల పైచిలుకు. నక్షత్రంలో సగం దాకా కృష్ణబిలానికి ఆహారమైంది. మొదటి రోజుల నుంచే చూడగలిగినందువల్ల, సెకనుకు 10,000 కిలోమీటర్ల వరకు వేగంతో శిథిలాలు బయటికి చిమ్ముతూ తెర కట్టడం కూడా కనిపించింది. ఆ తర్వాత వెలుగు తగ్గింది. మామూలుగా కథ అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. నాలుగేళ్ల తర్వాత, 2023లో, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మాట్ నికోల్ బృందం చంద్ర ఎక్స్‌కిరణ టెలిస్కోపును అటు తిప్పింది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద నాసా నడుపుతున్న టెలిస్కోపే అది. కొన్ని గంటల ఎడంతో మూడుసార్లు చూశారు. మొదటిసారి ఎక్స్‌కిరణాలు అంతంతమాత్రం. మూడోసారీ అంతే. నడుమ చూసినప్పుడు మాత్రం భగ్గుమన్నాయి. ఒక్క పూటలో ఇంత ఎగుడుదిగుడా? అనుమానం వచ్చి అంతరిక్ష కేంద్రంలోని నైసర్ పరికరంతో మళ్లీ మళ్లీ చూశారు. సుమారు 48 గంటలకోసారి ఆ కృష్ణబిలం దగ్గర ఎక్స్‌కిరణాలు ఎగసిపడుతున్నాయి. స్విఫ్ట్ ఉపగ్రహంతో పాటు మన ఆస్ట్రోశాట్ కూడా దీన్ని నిర్ధారించడంలో పాలుపంచుకుంది. పుణెలోని ఐయూకా సంస్థ శాస్త్రవేత్త గులాబ్ దేవాంగన్ ఈ పత్రం రచయితల్లో ఒకరు.

ఎందుకు ఎగసిపడుతున్నాయి? చీలిన నక్షత్రం శిథిలాలు పళ్లెంలా పరచుకున్నాయి కదా. ఆ పళ్లెం ఎంత వెడల్పుగా ఉందో అతినీలలోహిత కాంతిలో హబుల్ టెలిస్కోపుతో కొలిచారు. వారం లోపు ఒక చుట్టు తిరిగే వస్తువు ఏదైనా అక్కడ ఉంటే ఈ పళ్లేన్ని గుద్దుకుని తీరాల్సినంత వెడల్పుగా ఉంది. అంటే ఆ కృష్ణబిలం చుట్టూ ముందు నుంచే మరో నక్షత్రమో, చిన్న కృష్ణబిలమో తిరుగుతోంది. తోటి నక్షత్రం చితికి పళ్లెంగా మారాక, తిరిగినప్పుడల్లా ఆ పళ్లేన్ని చీల్చుకుపోతోంది. చీల్చుకుపోయినప్పుడల్లా వేడి వాయువు చిమ్మి ఎక్స్‌కిరణాలు వెలువడుతున్నాయి. ఇలాంటి ఉద్గారాలు అంతకు ముందు కొన్ని గెలాక్సీల్లో దొరికాయి గానీ కారణం ఎవరూ రుజువు చేయలేకపోయారు. నక్షత్రాల చీలికకూ వీటికీ సంబంధం ఉందని మొదట గట్టిగా తేల్చింది ఈ కేసే. నన్ను అడిగితే గత పదేళ్లలో ఖగోళ శాస్త్రంలో ఇంత చక్కగా ముడి విప్పిన పని అరుదు.

ఈ రంగంలో తెలుగు పాఠకుడికి దగ్గరగా వినిపించే పేరు ఇంకోటి ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన ధీరజ్ పాశం. చీలిన నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌కిరణాల్లో లయను పట్టుకోవడం ఆయన ప్రత్యేకత. 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక చీలికలో 131 సెకన్లకోసారి తిరిగొచ్చే స్పందనను ఆయన బృందం 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. ఆ కృష్ణబిలం వెలుగు వేగంలో సగానికి తగ్గకుండా గిరగిరా తిరుగుతోందని దాన్నిబట్టి తేల్చారు. 2024 మేలో మరో కేసులో, శిథిలాల పళ్లెం 15 రోజులకోసారి ఊగిసలాడుతున్నట్టు చూపి, ఆ కృష్ణబిలం తిరుగుడు వెలుగు వేగంలో నాలుగో వంతుకు లోపేనని చెప్పారు. కంటికి కనపడని చీకటి ముద్ద తిరుగుడును ఒక నక్షత్రం చావు ద్వారా కొలిచారన్నమాట.

ఈ వేటలో మన నేల మీది టెలిస్కోపులకూ వాటా ఉంది. హాన్లే కొండ మీద 70 సెంటీమీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోప్ ఉంది. భారత ఖగోళ భౌతిక సంస్థ, ఐఐటీ బొంబాయి కలిసి నడుపుతున్నాయి. 2022 ఫిబ్రవరి 11న దొరికిన ఏటీ2022సీఎంసీ అనే చీలికను అది గమనించింది. పుణె దగ్గర ఖొడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ కూడా గమనించింది. ఆ చీలిక దూరం 850 కోట్ల కాంతి సంవత్సరాలు. మన సూర్యుడు, భూమి పుట్టకముందే బయల్దేరిన వెలుగు అది. అక్కడ కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చడమే కాదు, ఆ పదార్థంలో కొంత ధారగా, వెలుగు వేగానికి దగ్గరి వేగంతో సరిగ్గా మన వైపు చిమ్మింది. అందుకే అంత దూరం నుంచీ కనిపించింది. ఇలా ధార చిమ్మిన చీలికలు అప్పటికి దొరికినవి నాలుగే.

గౌరిబిదనూరు చెవి

మన చిక్కబళ్లాపురం జిల్లాకే సొంతమైన టెలిస్కోప్ గౌరిబిదనూరులో ఉంది. 1970ల నడుమ రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి కట్టాయి. సి.హెచ్.వి. శాస్త్రి దాని వెనక నిలిచిన శాస్త్రవేత్తల్లో ముఖ్యులు. చూడ్డానికి టెలిస్కోప్ అనిపించదు. అద్దం లేదు, గొట్టం లేదు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణంగా దాదాపు అర కిలోమీటరు, ‘టీ’ అక్షరం ఆకారంలో కొయ్యలకు కట్టిన తీగలు. మొత్తం వెయ్యి డైపోల్ యాంటెన్నాలు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే దాదాపు తొమ్మిది మీటర్ల పొడవున్న రేడియో తరంగాలను వినేలా దాన్ని కట్టారు. అక్కడి నుంచే కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ 1990లో ఆకాశపటం ప్రచురించారు. 1997 నుంచి సూర్యుడి బయటి పొరలను గమనించే రేడియో హీలియోగ్రాఫ్ కూడా అదే మైదానంలో పనిచేస్తోంది.

చీలిన నక్షత్రాల రేడియో ఘోష వేరే తరంగదైర్ఘ్యాల్లో బలంగా ఉంటుంది కాబట్టి ఆ పని జీఎంఆర్‌టీ లాంటివాటిది. గౌరిబిదనూరు పని సూర్యుడిది, మన పాలపుంతది. అయినా బాగేపల్లి పిల్లవాడికి రేడియో ఖగోళం అంటే ఏంటో కళ్ల ముందు చూపించాలంటే ఇంతకన్నా దగ్గరి చోటు లేదు.

మన పాలపుంత సంగతి

మన పాలపుంత నడిబొడ్డున కూడా ఒక కృష్ణబిలం ఉంది. బరువు 40 లక్షల సూర్యులు. దూరం సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు. 2022 మేలో దాని ఫొటో విడుదలైంది. టీవీల్లో అప్పుడప్పుడు భూమిని కృష్ణబిలం మింగేస్తుందని భయపెడుతుంటారు. భయపడాల్సిన పని లేదు. దాని చీల్చే దూరం సూర్యుడి లాంటి నక్షత్రానికి 11 కోట్ల కిలోమీటర్లు. మన సూర్యుడు దాని నుంచి 26 వేల కాంతి సంవత్సరాల ఎడంలో తిరుగుతున్నాడు.

ఆ దిక్కు మనకు బాగా కనిపిస్తుంది. ఆషాఢ మాసంలో మబ్బు లేని రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు దక్షిణాన తేలు ఆకారపు వృశ్చికం ఉంటుంది. ఎర్రటి జ్యేష్ఠ దాని గుండె, తోక కొసన మూల. మూలకు కొంచెం ఎగువన, తూర్పుగా ధనుస్సు వైపు, పాలపుంత అన్నిటికన్నా దట్టంగా ఉన్న చోటే మన గెలాక్సీ నడిబొడ్డు. ఉత్తర దేశాలవాళ్లకు అది దిగంతం మీద ఈడ్చుకుంటూ పోతుంది. మనకు ఆకాశంలో సగం ఎత్తుకు లేస్తుంది. ఖగోళంలో ఇది మన సీమకు దక్కిన వరం.

కానీ బాగేపల్లి నుంచి చూస్తే బెంగళూరు కూడా దక్షిణానే ఉంది. చిక్కబళ్లాపురం దాటి ఉత్తరానికి లేఅవుట్లు, ఫ్లడ్‌లైట్లు ఏటేటా పాకుతున్నాయి. పాలపుంత నడిబొడ్డు కనపడాల్సిన దిక్కునే ఆ తెల్లటి వెలుతురు కమ్ముతోంది. హాన్లేలో 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. అక్కడి ఊళ్లవాళ్లు తమ దీపాలకు మూతలు పెట్టుకుని, వచ్చినవాళ్లకు ఆకాశం చూపించడం నేర్చుకున్నారు. మన పంచాయతీలు కనీసం వీధి దీపాలకు పైకప్పు పెట్టించగలవు. వెలుగు నేల మీదికి పడాలి, ఆకాశంలోకి కాదు. ఖర్చూ పెద్దది కాదు.

ఇంకో సంగతి బాధ కలిగిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పై చదువుల్లో ఇంగ్లిష్, ఇలా మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఈ విశేషాలు ఏ భాషలోనూ సరిగా అందడం లేదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టి, చదువు కోసం కాలినడకన బెంగళూరు చేరి, అమెరికాలో అణు భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుని, తిరిగొచ్చి బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించిన హెచ్. నరసింహయ్య ఈ లోటు గుర్తించారు. బాగేపల్లిలోనూ గౌరిబిదనూరులోనూ నేషనల్ కాలేజీలు నిలబడటం ఆయన చలవే. ప్రశ్నించడం పల్లె పిల్లల హక్కని జీవితమంతా నమ్మారు.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినానికి ముందే హొసకోటె క్రెస్ట్‌కు గానీ గౌరిబిదనూరు రేడియో కేంద్రానికి గానీ పాఠశాల తరఫున ఉత్తరం రాసి, చూడటానికి అనుమతి అడగండి. అనుమతి వస్తే పిల్లల్ని తీసుకెళ్లండి. వెళ్లే ముందు నక్షత్రం ఎలా చీలుతుందో, ఆ 7 కోట్ల కిలోమీటర్ల లెక్క ఎలా వస్తుందో బోర్డు మీద తెలుగులోనో కన్నడలోనో వేసి చూపించండి. హైస్కూలు పిల్లలకు వచ్చిన ఘనమూలం చాలు ఆ లెక్కకు.